ఫోను టచ్ పనిచేయకపోయినా, దానంతట అదే నొక్కుకుంటున్నా: డిస్‌ప్లే మార్చే ముందు వరుసగా చేయవలసిన పనులు

“టచ్ పోయింది, డిస్‌ప్లే మార్చాలన్నారు, మార్పించమంటారా?” అని అడిగేవారిలో చాలామంది అప్పటికే డబ్బు కట్టడానికి సిద్ధపడి ఉంటారు. వారందరికీ నేను చెప్పేది ఒక్కటే. డిస్‌ప్లే మార్చడం ఆఖరి మెట్టు. దానికంటే ముందు టెంపర్డ్ గ్లాస్, ఛార్జర్, సెట్టింగులు, యాప్‌లు ఇలా ఒక్కొక్కటీ తప్పించి చూడాలి. బయటి నుంచి లోపలికి వెళ్లాలి. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. నాలుగు పనులు కలిపి చేస్తే ఫోను బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు, వారం తిరగకుండా మళ్లీ మొదటికొస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి. తెర గాజు కింద కంటికి కనిపించని సన్నని విద్యుత్ గీతల వల ఉంటుంది. వేలు దగ్గరికి రాగానే ఆ చోట విద్యుదావేశం కొద్దిగా మారుతుంది, ఫోను ఆ మార్పును చదువుతుంది. అది బలాన్ని కొలవదు. అందుకే గట్టిగా నొక్కినా లాభం లేదు, గోటితో నొక్కితే పలకదు, నీటి చుక్క మాత్రం దానికి వేలులాగే కనిపిస్తుంది. ఇది గుర్తుంటే కింది మెట్లు ఎందుకో మీకే తెలుస్తుంది.

1. ముందు నష్టాన్ని ఆపండి

తెర తనంతట తానే నొక్కుకోవడాన్నే ఘోస్ట్ టచ్ అంటున్నారు. ఆ సమయంలో ఫోను ఎవరికో కాల్ చేయవచ్చు, సగం రాసిన సందేశం పంపేయవచ్చు, తప్పు పిన్ పదేపదే కొట్టి తాళం వేసుకోవచ్చు. ఐఫోన్‌లో పది తప్పు ప్రయత్నాల తర్వాత డేటా చెరిపేసే సెట్టింగు పెట్టుకున్నవారికి ఇది మరీ ప్రమాదం.

- పవర్ బటన్ నొక్కి తెర ఆర్పేయండి.
- ఛార్జింగ్‌లో ఉంటే వెంటనే తీసేయండి.
- తెర మళ్లీ మళ్లీ వెలుగుతుంటే పిన్నుతో సిమ్ బయటకు తీయండి. ఇంట్లో వైఫై ఉంటే రూటర్ ఆపండి.
- ఫోనును నున్నని బల్ల మీద పెట్టి పక్కనుంచి చూడండి. వెనుక భాగం ఉబ్బిందా? అంచు దగ్గర తెర లేచి సందు కనిపిస్తోందా?

ఉబ్బు కనిపిస్తే ఈ మార్గదర్శిలో మిగతాది మీకు అవసరం లేదు. అది బ్యాటరీ ఉబ్బడం. లోపలి నుంచి తెరను నెట్టడం వల్లే టచ్ చెడిపోతోంది. తెరను వేలితో అదిమి సరిచేయాలని చూడకండి, ఛార్జింగ్ పెట్టకండి. స్విచ్ఛాఫ్ చేసి నేరుగా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

ఇంకొకటి, దీన్ని తేలికగా తీసుకోకండి. ఘోస్ట్ టచ్‌కు ఒక ఉద్దేశం ఉండదు. అడ్డదిడ్డంగా, ఎక్కడపడితే అక్కడ నొక్కుకుంటుంది. అలా కాకుండా ఎవరో కూర్చుని చేస్తున్నట్టు బ్యాంకు యాప్ తెరవడం, అంకెలు వరుసగా కొట్టడం, మెసేజ్‌లు చదవడం జరుగుతుంటే అది తెర లోపం కాదు. వాట్సాప్‌లో వచ్చిన ఏదో ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను ఎక్కించే ఫైలు) ద్వారా దూరం నుంచి ఎవరో ఫోనును నడిపిస్తున్నారని అనుమానించాలి. నెట్ ఆపగానే ఆ కదలికలు ఆగిపోతే అనుమానం బలపడుతుంది. నెట్ ఆపే ఉంచి, మరో ఫోను నుంచి బ్యాంకుకు, సైబర్ నేరాల సహాయవాణి 1930కి కాల్ చేయండి.

2. అసలు టచ్చే పోయిందా?

వాల్యూమ్ బటన్ నొక్కండి. తెర మీద వాల్యూమ్ గీత కదిలితే ఫోను నడుస్తోంది, టచ్ మాత్రమే పలకడం లేదు. ఏ బటన్‌కూ స్పందన లేకపోతే ఫోనే బిగుసుకుపోయింది, మూడో మెట్టుకు వెళ్లండి.

ఒకసారి నొక్కితే పచ్చటి లేదా నీలం రంగు పెట్టె వచ్చి, ఫోను ఆ పేరును చదివి వినిపిస్తోందా? రెండుసార్లు తడితేనే తెరుచుకుంటోందా? టచ్ చెడలేదు. చూపు లేనివారి కోసం పెట్టిన టాక్‌బ్యాక్ పొరపాటున ఆన్ అయింది. పెద్దవాళ్ల ఫోన్లలో ఇది తరచుగా జరుగుతుంది, వాళ్లు పాపం ఫోను పాడైపోయిందని పక్కన పెట్టేస్తారు. రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది ఆగిపోతుంది. ఆగకపోతే రెండు వేళ్లతో తెరను జరుపుతూ, రెండుసార్లు తడుతూ సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీకి వెళ్లి ఆపండి. ఐఫోన్‌లో దీని పేరు వాయిస్ ఓవర్.

తెర పైభాగాన్ని కప్పవద్దని సందేశం వచ్చి టచ్ ఆగిపోతుంటే అది పాకెట్ మోడ్, అంటే జేబులో ఉన్నప్పుడు పొరపాటున నొక్కుకోకుండా ఫోను చేసుకునే ఏర్పాటు. పౌచ్ అంచుగానీ టెంపర్డ్ గ్లాస్‌గానీ పైన ఉన్న సెన్సర్‌కు అడ్డం వస్తోంది. అడ్డం తీస్తే సరిపోతుంది.

3. బటన్లతో రీస్టార్ట్ చేయండి

- ఆండ్రాయిడ్: పవర్ బటన్‌ను వదలకుండా నొక్కి పట్టుకోండి. కొన్నింటిలో పది సెకన్లకే తెర ఆరిపోతుంది, పిక్సెల్ వంటి వాటిలో 30 సెకన్లు పట్టవచ్చు.
- శాంసంగ్: పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్ రెండూ కలిపి, లోగో వచ్చే వరకు.
- ఐఫోన్ 8, ఆ తర్వాతివి: వాల్యూమ్ పెంచే బటన్ నొక్కి వదలండి, తగ్గించేది నొక్కి వదలండి, తర్వాత పక్క బటన్‌ను ఆపిల్ గుర్తు కనిపించే వరకు పట్టుకోండి.

ఐఫోన్‌లో చాలామంది చేసే తప్పు మూడు బటన్లూ ఒకేసారి నొక్కడం. ఒకదాని తర్వాత ఒకటి చకచకా నొక్కాలి. మధ్యలో వచ్చే స్విచ్ఛాఫ్ తెరను చూసి వదిలేయకండి.

దీనివల్ల డేటా ఏదీ పోదు. బాగుపడితే రెండు రోజులు గమనించండి. మళ్లీ వస్తేనే ముందుకు వెళ్లండి.

4. తెర పైన ఉన్నవన్నీ తీసేయండి

స్విచ్ఛాఫ్ చేసి పౌచ్ తీయండి. మెత్తని పొడి గుడ్డతో, కళ్లద్దాలు తుడిచేదైతే మరీ మంచిది, తెరను అంచులతో సహా తుడవండి. వంటింట్లో వాడే ఫోన్ల అంచుల్లో నూనె, పిండి కలిసి జిగురులా పేరుకుంటుంది. అది పొడి గుడ్డకు రాదు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డను కొద్దిగా తడిపి తుడవండి. తెర మీద నేరుగా పోయకండి, చల్లకండి.

చేతులు కూడా చూసుకోండి. తడి వేళ్లు, చెమట పట్టిన వేళ్లు, పొలం పనులతో కాయలు కాచిన వేళ్ల కొసలు సరిగ్గా పలకవు. వేరేవారి వేలితో ఒకసారి నొక్కించి చూడండి.

ఇప్పుడు టెంపర్డ్ గ్లాస్. కొత్తది వేయించి నెల కాలేదని దాన్ని తీయడానికి చాలామందికి మనసొప్పదు. కానీ అది తీయకుండా చేసే పరీక్షకు విలువ లేదు. దుమ్ముతో బుడగలు వచ్చిన గ్లాస్, అంచులు లేచి కింద చెమ్మ చేరిన గ్లాస్, పక్కవారికి తెర కనిపించకుండా చేసే మందమైన ప్రైవసీ గ్లాస్ టచ్‌ను మందగింపజేస్తాయి. పలుచని ప్లాస్టిక్ కార్డును ఒక మూల దూర్చి నెమ్మదిగా లేపండి. కత్తి, బ్లేడు వద్దు. అడుగున ఫోను గాజే పగిలి ఉందని అనుమానం ఉంటే ఇంట్లో తీయకండి, ముక్కలు ఊడి వస్తాయి.

తీసిన తర్వాత టచ్ బాగుంటే కథ అక్కడితో అయిపోయింది. పలుచని గ్లాస్ వేయించుకోండి. శాంసంగ్ ఫోన్ల డిస్‌ప్లే సెట్టింగులలో టచ్ సెన్సిటివిటీ అని ఒకటి ఉంటుంది. మందమైన గ్లాస్ వేసినప్పుడు అది ఆన్ చేయాలి. గ్లాస్ లేకుండా అది ఆన్‌లో ఉంటే తెర అతిగా స్పందిస్తుంది, అప్పుడు ఆపేయాలి. పాత గ్లాస్ కోసం ఆన్ చేసి మరిచిపోయి, ఘోస్ట్ టచ్ అనుకుని భయపడేవారు ఉన్నారు.

5. ఛార్జర్‌ను పరీక్షించండి

ఈ మెట్టు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగండి. ఇంట్లోనే, ఖర్చు లేకుండా పట్టుకోగలిగిన కారణం ఇది.

మా అమ్మ ఫోను తనంతట తానే నొక్కుకుంటోందని ఒకరోజు చూశాను. భోజనాల బల్ల మీద ఛార్జింగ్‌లో పెట్టి ఉంది. ఎవరూ ముట్టుకోవడం లేదు. తెరను తాకిన చోటల్లా గీత గీసి చూపే సెట్టింగు, ఆరో మెట్టులో చెప్పబోయే పాయింటర్ లొకేషన్ ఆన్ చేశాను. తెర కుడి అంచు వెంట సన్నని గీతలు కిందికీ పైకీ వంకరటింకరగా పరుగెత్తుతున్నాయి. పైన ఇంగ్లీషు ‘పి’ అక్షరం పక్కన సున్నా ఉండవలసిన చోట ఒకటి, మూడు, రెండు అని అంకె మారుతోంది. అంటే మూడు వేళ్లు తనను తాకుతున్నాయని ఫోను నమ్ముతోంది! వైరు లాగేశాను. గీతలు ఆగిపోయాయి, సున్నా వచ్చి నిలబడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ మొదలు. ఆ ఛార్జర్ బస్టాండు దగ్గర కొన్నది. పెట్టెలో వచ్చిన అసలు ఛార్జర్ వెతికి పెట్టాక సమస్య మళ్లీ రాలేదు. అంతకు ముందు రోజే డిస్‌ప్లే మార్చాలని ఒక దుకాణంలో చెప్పి పంపారు.

కారణం ఇది. నాసిరకం ఛార్జర్ నుంచి వచ్చే కరెంటులో అలజడి ఉంటుంది. తెర చిప్ కొలిచే మార్పులు చాలా చిన్నవి కాబట్టి ఆ అలజడిని కూడా వేలి స్పర్శగా చదువుతుంది. రెండు పిన్నుల ఛార్జర్లకు ఎర్తింగ్ ఉండదు, అందువల్ల ఆ అలజడికి దిగిపోయే దారి ఉండదు. ఛార్జింగ్‌లో ఉన్న ఫోను లోహపు అంచును తాకితే సన్నగా జిలజిలమనడం కూడా దీనికి చుట్టమే.

వరుసగా ఇలా చూడండి.

- ఛార్జింగ్ తీసి పది నిమిషాలు వాడండి. సమస్య ఆగిందా?
- అదే వైరుతో పవర్ బ్యాంక్‌కు పెట్టండి. ఇప్పుడు రాకపోతే ఛార్జర్‌ది గానీ ఇంటి వైరింగ్‌ది గానీ తప్పు.
- అదే ఛార్జర్‌ను వేరే గదిలో, కుదిరితే వేరే ఇంట్లో పెట్టండి. అక్కడ కూడా వస్తే ఛార్జర్ మార్చండి.
- పవర్ బ్యాంక్‌తో కూడా వస్తే వైరు మార్చి చూడండి.
- ఏ ఛార్జర్ పెట్టినా, ఏదీ పెట్టకపోయినా వస్తుంటే కారణం ఫోనులోనే ఉంది.

ఫోను పరుపు మీద పెట్టి నొక్కితే పలకదు, చేతిలో పట్టుకుంటే చక్కగా పనిచేస్తుంది అని కొందరు చెబుతారు. అది భ్రమ కాదు. చేతిలో ఉన్నప్పుడు మన ఒళ్లు ఫోనుకు ఎర్తింగ్‌లా సాయపడుతుంది. దీనికోసం డిస్‌ప్లే మార్చనక్కర్లేదు.

6. తెరకు పటం గీయండి

దుకాణంలో మీ మాటకు బరువు ఉండాలంటే టచ్ ఎక్కడ పోయిందో చూపగలగాలి.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కు వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టండి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఇది సాఫ్ట్‌వేర్ సమాచారం లోపల ఉంటుంది, షావోమీలో ఓఎస్ వెర్షన్ మీద తట్టాలి. దాంతో డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో పాయింటర్ లొకేషన్ ఒక్కటే ఆన్ చేయండి, మిగతావి ముట్టుకోకండి.

ఇప్పుడు వేలు ఎత్తకుండా పొలం దున్నినట్టు చాళ్లుగా, పై నుంచి కింది దాకా, తర్వాత ఎడమ నుంచి కుడి దాకా గీయండి. గీత తెగిన చోటు మొద్దుబారిన చోటు. ఆ తర్వాత ఫోనును బల్ల మీద పెట్టి రెండు నిమిషాలు ముట్టుకోకుండా చూడండి.

శాంసంగ్‌లో చాలా మోడళ్లకు డయలర్‌లో *#0*# కొడితే పరీక్షల జాబితా వస్తుంది, షావోమీలో *#*#6484#*#*. ఐఫోన్‌లో నోట్స్ తెరిచి వేలితో బొమ్మ గీసే చోట తెరంతా రంగు పూయండి, లేదా ఏదైనా యాప్ గుర్తును పట్టుకుని తెరంతా తిప్పండి. రంగు పడని చోటు, గుర్తు వేలి నుంచి జారిపోయిన చోటే లోపం.

పటాన్ని ఇలా చదవండి.

- ఒక నిలువు లేదా అడ్డ పట్టీ మొత్తం పలకడం లేదు: లోపలి వలలో గీతలు తెగాయి. ఇది యాప్‌ల వల్ల రాదు.
- గీతలు పగులు వెంటే తెగుతున్నాయి: కారణం ఆ పగులే.
- తెరంతా ఒకేసారి పోతోంది, కాసేపటికి వస్తోంది: లోపలి కనెక్టర్ వదులైందేమో చూపించాలి. కింద పడ్డ ఫోన్లలో ఇది ఎక్కువ.
- లోపం ఒక యాప్‌లోనే ఉంది: ఆ యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి.
- పటం శుభ్రంగా ఉంది, అయినా అప్పుడప్పుడు పలకదు: ఏడో మెట్టుకు వెళ్లండి.

పటం గీసేటప్పుడు మరో ఫోనుతో వీడియో తీయండి. సమస్య వచ్చిపోయే రకం అయితే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చిన రోజున ఫోను బుద్ధిగా పనిచేస్తుంది, మీ దగ్గర సాక్ష్యం ఉండదు.

7. యాప్‌ల వల్లనా?

ఇతర యాప్‌ల పైన కనిపించే అనుమతి కొన్నింటికి మనమే ఇచ్చి ఉంటాం. తేలియాడే బుడగలు, తెర రంగు మార్చేవి, ఆటల్లో దానంతట అదే నొక్కేవి. కంటికి కనిపించని పొరలా ఇవి తెరను కప్పి ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో ఆ అనుమతుల జాబితా, యాక్సెసిబిలిటీ జాబితా తెరిచి మీకు తెలియనివన్నీ ఆపండి. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీలోని టచ్ అకామడేషన్స్ ఆన్‌లో ఉంటే కూడా తెర ఆలస్యంగా పలుకుతుంది.

ఆ తర్వాత ఆండ్రాయిడ్‌ను సేఫ్ మోడ్‌లో తెరవండి. పవర్ బటన్ పట్టుకుంటే వచ్చే జాబితాలో పవర్ ఆఫ్ అన్న మాటను వేలితో అదిమి ఉంచితే చాలా ఫోన్లలో అడుగుతుంది. టచ్ పలకకపోతే, ఫోను ఆన్ అయ్యేటప్పుడు లోగో రాగానే వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకోండి. సేఫ్ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లు నడవవు. అక్కడ గంటసేపు బాగుంటే ఈమధ్య వేసిన యాప్‌లను చివరిదానితో మొదలుపెట్టి ఒక్కొక్కటీ తీయండి. అక్కడ కూడా అదే గొడవ ఉంటే యాప్‌ల మీద అనుమానం వదిలేయండి.

ఫోనులోని డేటా అంతా చెరిపి కొత్తదానిలా చేసే ఫ్యాక్టరీ రీసెట్ గురించి నా మాట సూటిగా చెబుతాను. సేఫ్ మోడ్‌లోనూ సమస్య ఉంటే రీసెట్ వల్ల ఒరిగేదేమీ ఉండదు. ఫొటోలు పోగొట్టుకోవడం, గూగుల్ పాస్‌వర్డ్ గుర్తులేక ఫోను తాళం పడటం మాత్రమే మిగులుతాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైతే ముందు కొత్త అప్‌డేట్ ఉందేమో చూడండి.

8. వేడి, తడి

ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని ఆపిల్ చెబుతుంది. మన వేసవిలో రామగుండం, రెంటచింతల ఎండల సంగతి తెలిసిందే. బైకు హ్యాండిల్‌కు తగిలించి మ్యాప్ చూస్తూ వెళ్లే డెలివరీ పిల్లల ఫోన్లు మధ్యాహ్నానికి టచ్ వదిలేయడంలో ఆశ్చర్యం లేదు. నీడలోకి తెచ్చి, పౌచ్ తీసి, అరగంట ఆగండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల చెమ్మ పడుతుంది.

తడిసిన ఫోను:

- స్విచ్ఛాఫ్ చేయండి. ఆన్ అవుతుందో లేదో అని చూడకండి.
- ఛార్జింగ్ పెట్టకండి.
- పోర్ట్ (ఛార్జింగ్ వైరు పెట్టే రంధ్రం) కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, తుడిచి, ఫ్యాన్ గాలిలో కనీసం ఒక రోజు ఉంచండి.
- బియ్యం డబ్బాలో పెట్టకండి. బియ్యపు నూక, పొడి పోర్ట్‌లోకి చేరుతుంది. ఆపిల్ కూడా ఇది వద్దనే చెబుతోంది.
- హెయిర్ డ్రయర్ వద్దు.

సముద్రపు నీరు, టీ, మజ్జిగ వంటివి పడితే ఆరబెట్టడంతో సరిపోదు. లోపల ఉప్పు, చక్కెర మిగిలి కనెక్టర్లు తుప్పు పడతాయి. అదే రోజు విప్పించి శుభ్రం చేయించండి.

9. దుకాణానికి వెళ్లే ముందు డేటా తీసుకోండి

టచ్ పోయినా తెర కనిపిస్తుంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు దారి ఉంది. ఓటీజీ అడాప్టర్ (మౌస్ వంటి వాటిని ఫోను ఛార్జింగ్ పోర్ట్‌కు కలిపే చిన్న ముక్క) కొని, మామూలు కంప్యూటర్ మౌస్‌ను ఫోనుకు తగిలించండి. తెర మీద బాణం గుర్తు వస్తుంది, దాంతో ప్యాటర్న్ గీయవచ్చు, పిన్ కొట్టవచ్చు, ఫొటోలు కాపీ చేయవచ్చు.

ఒప్పో, వివో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లలో చాలావాటికి సెట్టింగ్స్‌లో ఓటీజీ కనెక్షన్ ముందే ఆన్ చేయాలి, వాడకపోతే కాసేపటికి అదే ఆగిపోతుంది. కాబట్టి టచ్ పూర్తిగా పోయేదాకా ఆగకండి. తడబడుతున్నప్పుడే మౌస్ పెట్టి పని ముగించండి.

ఫోను ఇచ్చేటప్పుడు శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఆన్ చేస్తే మీ ఫొటోలు, సందేశాలు మెకానిక్‌కు కనిపించవు. అవి లేని ఫోనైతే బ్యాంకు, యూపీఐ యాప్‌లు తీసేసి ఇవ్వండి. సిమ్, మెమరీ కార్డు మీ దగ్గరే ఉంచుకోండి.

10. దుకాణంలో అడగవలసినవి

వారంటీ ఉంటే ముందు అధీకృత సర్వీస్ సెంటర్. బయట ఒకసారి విప్పిస్తే వారంటీ మీద ఆశ వదులుకోవలసి రావచ్చు. వారంటీ దాటినా కంపెనీ ఉచిత మరమ్మతు ప్రకటించిందేమో చూడండి. 2019 నవంబర్, 2020 మే మధ్య తయారైన కొన్ని ఐఫోన్ 11 ఫోన్లకు టచ్ లోపం మీద ఆపిల్ అలాంటి అవకాశం ఇచ్చింది.

బయట దుకాణమైతే, అది మీ వీధిలోదైనా హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లోదైనా, ఈ వరుసలో అడగండి.

- “ముందు డిస్‌ప్లే కనెక్టర్ తీసి, శుభ్రం చేసి, మళ్లీ బిగించి చూడండి.” చాలాసార్లు ఇంతే పని.
- “కొత్త కాంబో అతికించకముందే తగిలించి టచ్ చూపించండి.” కాంబో అంటే డిస్‌ప్లే, టచ్ గాజు కలిసిన ముక్క. కొత్త కాంబోతో కూడా ఘోస్ట్ టచ్ వస్తే తప్పు ఫోను లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డులో ఉంది, కాంబోకు డబ్బు పెట్టి లాభం లేదు.
- “ఇది ఒరిజినలా, కాపీనా? ఓఎల్ఈడీనా, ఎల్‌సీడీనా?” ఈ రెండూ డిస్‌ప్లేలలో రకాలు. తెరలోనే వేలిముద్ర చదివే ఫోనుకు ఎల్‌సీడీ కాపీ వేస్తే వేలిముద్ర పనిచేయదు. నాసిరకం కాపీలకు ఘోస్ట్ టచ్ కొత్తగా వచ్చే ప్రమాదం కూడా ఉంది.
- “గ్యారంటీ ఎన్నాళ్లు? బిల్లు మీద రాసివ్వండి.” బిల్లు ఉంటే మోసం జరిగినప్పుడు వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేయడానికి ఆధారం ఉంటుంది.

డబ్బు ఇచ్చే ముందు అక్కడే నిలబడి పాయింటర్ లొకేషన్‌తో తెరంతా మళ్లీ చాళ్లు గీయండి. దుకాణంలోని ఛార్జర్‌కు పెట్టి రెండు నిమిషాలు చూడండి. ఎవరికైనా కాల్ చేసి, ఫోను చెవి దగ్గర పెట్టగానే తెర ఆరుతోందో లేదో గమనించండి. విప్పిన ఫోనుకు నీటి రక్షణ మునుపటిలా ఉండదని గుర్తుంచుకుని, పాత డిస్‌ప్లేను అడిగి ఇంటికి తెచ్చుకోండి.